తవిటమ్మ వంపు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. రాజులు పోయారు, దొరలు ఇంకా పోలేదు. అలాంటి కాలంలో సముద్రం ఒడ్డున, ఇసుక దిబ్బల నడుమ ఒక పల్లె ఉండేది. పల్లెకి ముందు ఉప్పునీళ్ళు, వెనక ఉప్పునేల. మధ్యలో తాటాకు గుడిసెలు, ఆరేసిన వలలు, ఎండుచేపల వాసన.

ఆ పల్లెకంతా ఒకే ఒక్క చెలమ. చెలమ అంటే బావి కాదు. ఒరలుండవు, గిలకుండదు. ఇసుకలో గుంట, అంతే. అవతల సముద్రం హోరుమంటుంటే ఇవతల ఆ గుంటలో తియ్యటి నీళ్ళు ఊరేవి. ఎందుకు ఊరుతున్నాయో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. అడిగితే మానేస్తాయేమోనని భయపడి ఉంటారు.

ఆ చెలమ తోడే మనిషి పేరు తవిటమ్మ.

ఆ పేరుకో కథ ఉంది. ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పులో ఈ పిల్ల పుట్టగానే తల్లి చేటలో పడుకోబెట్టి పొరుగింటామెకి ఇచ్చేసింది. ఆ తరవాత చేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంది. తవుడికి కొన్న బిడ్డ మీద చావుకి ఆశ ఉండదని ఆ వైపు నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. చావు ఆ పిల్ల వైపు కన్నెత్తి చూడలేదు. మిగతా వాళ్ళు కూడా పెద్దగా చూడలేదు. పెరిగింది, పెళ్ళయింది, మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. పల్లెవాళ్ళు చెలమ తోడే పని అప్పగించారు. ఇంటికో గుప్పెడు ఎండుచేపలు, గుప్పెడు గింజలు ఇచ్చేవారు.

రోజూ పొద్దు పొడవకముందే కొబ్బరిచిప్ప పట్టుకుని వెళ్ళేది. రాత్రి గాలికి జారిపడిన ఇసుకని అంచుల నుంచి మెల్లగా తీసేది. అడుగు కెలికేది కాదు. కాసేపు కూర్చునేది. నీళ్ళు తేటపడ్డాక ఆడవాళ్ళని పిలిచేది. ఎవరైనా ఒక్కరోజు మానుకోరాదా అంటే, "తోడితే ఊరుతాది, మానేత్తే పూడిపోతాది" అనేది. ఏ మాటకైనా ఆమె దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. సంబంధం ఉన్నా అదే, లేకపోయినా అదే.

ఇలా ఉండగా ఎక్కడో యుద్ధమొచ్చింది. సముద్రం మీద నుంచి శత్రువు వస్తాడని చెప్పుకున్నారు. పల్లెవాళ్ళు కొన్నాళ్ళు సముద్రం వైపు చూశారు. చేపలే వచ్చాయి. చూడటం మానేశారు.

ఒకరోజు తెల్లవారుతూనే తవిటమ్మ చెలమకి వెళ్ళేసరికి, అంచున నిలువెత్తు కర్ర ఒకటి పాతి ఉంది. దాని తలకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. నిన్న సాయంత్రం లేదు. ఇవాళ ఉంది.

ఆ వైపు అమ్మోరి పండగ చేసేముందు రాట పాతుతారు. రాటకి ఎర్రగుడ్డ కడతారు, పసుపు రాస్తారు. రాట పడిందంటే అమ్మోరు వచ్చి కూర్చున్నట్టే. ఎవరూ పాతకుండా, ఎవరికీ చెప్పకుండా రాట వెలిసిందంటే ఇంకేముంది? తవిటమ్మ చిప్ప కింద పడేసి రెండు చేతులూ జోడించింది.

దండం పెట్టిందే కాని గుండెల్లో రాయి పడింది. అమ్మోరు కూర్చున్న చోట చేపల బుట్టలు కడగకూడదు. ముట్టయిన వాళ్ళు ఆ ఛాయలకి రాకూడదు. కుక్క తిరగకూడదు. ఇన్ని కూడదులు వచ్చాక చెలమ ఇంక చెలమలా ఉంటుందా? ఈ నీళ్ళు లేకపోతే ఎగువూరి బావికి పోవాలి. ఎండలో అంత దూరం ఇసుకలో నడవాలి. నడిచి వెళితే ఆ ఊరివాళ్ళు వీళ్ళని బావి గట్టెక్కనివ్వరు. వాళ్ళెవరైనా తోడి పోసేదాకా కింద నిలబడి చూడాలి. బుద్ధి పుడితే పోస్తారు, లేకపోతే లేదు.

తవిటమ్మ ఇంటికెళ్ళి పసుపు తెచ్చింది. కర్రకి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. పెట్టడానికి ఇంట్లో ఏమీ లేక గుప్పెడు తవుడు చల్లింది. "పిల్లలు మురికోల్లు తల్లీ. కొంచెం పక్కకి జరుగు" అని బతిమాలింది. పసిబిడ్డని ఎత్తినట్టు కర్రని ఎత్తి, దూరంగా దిబ్బ మీద పాతి వచ్చింది. ఆ రోజు చెలమ మామూలుగానే తోడింది.

నాలుగు రోజులు గడిచాయో లేదో కర్ర మళ్ళీ చెలమ అంచుకే వచ్చింది. పసుపు కూడా చెదరలేదు.

అమ్మోరు తనంతట తనే నడిచి వచ్చిందనుకుంది తవిటమ్మ. మర్యాదలో లోటు చేశానేమోనని భయపడింది. ఈసారి పసుపుతో పాటు వేపమండలు తెచ్చింది, చల్ది తెచ్చింది, వచ్చినంత వరకు పాట కూడా పాడింది. ఆమెకి పాట రాదు. అమ్మోరికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. మళ్ళీ బతిమాలి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దిబ్బ మీద పాతింది. పాతి వస్తూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది. కర్ర కదల్లేదు.

మూడోసారి కర్ర వచ్చినప్పుడు కర్రతో పాటు మనిషి కూడా వచ్చాడు. రోడ్డు మేస్త్రీ సన్నాసినాయుడు. అతను కర్ర మీద పసుపు చూశాడు, కుంకుమ చూశాడు, ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డ తవిటమ్మని చూశాడు. పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, పల్లెవాళ్ళందరినీ పిలిచి విషయం చెప్పాడు. ఇది అమ్మోరూ కాదు, రాటా కాదు. పటాలం వాళ్ళ రోడ్డుకి గురుతు. వరస తప్పినప్పుడల్లా కొలతల వాళ్ళు తెచ్చి మళ్ళీ ఇక్కడే పాతారు. పెద్దరోడ్డు నుంచి సముద్రం దాకా ఇలాంటి కర్రలు వరసగా పాతారు. ఆ వరస వెంట కూలీలు ఎర్రకంకర పోసి రోడ్డు వేస్తారు. దాని మీద లారీలు నడుస్తాయి. చెలమ ఆ వరసలో ఉంది కాబట్టి పూడ్చేస్తారు.

పల్లెవాళ్ళు ముందు తవిటమ్మని చూసి నవ్వారు. రోడ్డు కర్రకి తవుడు పెట్టిందని నవ్వారు, పాట పాడిందని నవ్వారు. ఆఖరి మాట బుర్రకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక ఎవరూ నవ్వలేదు.

పల్లెపెద్ద కొర్లయ్య మేస్త్రీని పక్కకి తీసుకెళ్ళి బతిమాలాడు. మేస్త్రీ చెడ్డవాడు కాదు. దొరతో చెప్పి చూస్తానన్నాడు, నిజంగానే చెప్పి చూశాడు. మర్నాడు వచ్చి, యుద్ధం పల్లెటూరి గుంట కోసం ఆగదని దొర అన్నట్టు చెప్పాడు. కర్రని ఇంకాస్త లోతుగా దిగ్గొట్టి, కంకర బళ్ళు తెచ్చేందుకు కొండవైపు వెళ్ళిపోయాడు. కూలీలు అప్పటికే కనుచూపు మేరలో ఉన్నారు. ఎర్రటి చార ఒకటి ఇసుకలో పాకుతూ పల్లె వైపు వస్తోంది.

ఆ సాయంత్రం కొర్లయ్య అందరినీ కూర్చోబెట్టి, రాజుతో తగువు పెట్టుకుంటే బతకలేమన్నట్టు ఏదో చెప్పబోయి, మాట కుదరక, ఎగువూరి వాళ్ళ కాళ్ళు పట్టుకుందామన్నాడు. అందరూ తలూపారు. తవిటమ్మ కూడా ఊపింది.

తెల్లవారుజామున చిప్ప పట్టుకుని మామూలుగానే చెలమకి వెళ్ళింది. ఇసుక తీసింది. కూర్చుంది. నీళ్ళు తేటపడ్డాయి. లేచి కర్ర దగ్గరికి వెళ్ళింది. మొదటిసారి ఎత్తింది అమ్మోరిని. రెండోసారి ఎత్తింది అమ్మోరినే. మూడోసారి ఎత్తాల్సింది ఉత్త కర్రని. పసుపు లేదు, పాట లేదు, బతిమాలేందుకు ఎవరూ లేరు. చిప్పతో దాని మొదలు చుట్టూ ఇసుక తోడింది. చాలాసేపు తవ్వాల్సి వచ్చింది. దిబ్బ మీద పాతి ఇంటికొచ్చి పడుకుంది.

కూలీలు వచ్చారు. కూలీలకి వంపుతో పనేముంది? కర్ర ఎక్కడుంటే అక్కడికి కంకర పోసుకుంటూ పోయారు. మేస్త్రీ కొండవైపు నుంచి తిరిగొచ్చేసరికి బాణంలా రావాల్సిన రోడ్డు, ఆ చెలమ దగ్గర కొడవలిలా వంగి, దిబ్బని చుట్టి, మళ్ళీ తిన్నగా సముద్రానికి పోయింది. మేస్త్రీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు.

టోపీ దొర వచ్చాడు. రోడ్డు చూశాడు. వంపు చూశాడు. రోడ్డు తిన్నగా పోవాల్సిన చోట చూశాడు. గుట్ట లేదు, చెట్టు లేదు, గెడ్డా వాగూ లేదు. పల్లెవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టించాడు. కర్ర ఎవరు జరిపారో చెప్పకపోతే పల్లెని ఒడ్డు నుంచి ఎత్తించేస్తానన్నాడు. మేస్త్రీ ఆ మాటని తెలుగులో చెప్పాడు. చెప్పేటప్పుడు నేల చూస్తూ చెప్పాడు.

అందరికీ తెలుసు, అయినా ఎవరూ ఆమె వైపు చూడలేదు. అంతవరకు ఆ పల్లె ఆమెకి చేసిన మర్యాదల్లో అదే పెద్దది. తవిటమ్మ తనే ముందుకొచ్చింది.

"నానే తీసినాను బాబూ. ఇంకెవులకీ తెల్దు."

ఎందుకు తీశావని దొర అడిగించాడు.

"రెండుసార్లు అమ్మోరనుకుని తీసినాను. మూడోసారి కర్రేనని తెలిసే తీసినాను. మొదటి రెండూ తప్పు కాదు. మూడోది తప్పే." చెలమ వైపు చూసింది. "తోడితే ఊరుతాది బాబూ. కప్పెట్టీసినాక ఎవులు తోడినా ఊరదు."

మేస్త్రీ దీన్ని దొరకి ఏమని చెప్పాడో తెలియదు. చెప్పడానికి మాత్రం ఆమె మాట్లాడిన దానికంటే ఎక్కువ సేపు పట్టింది. దొర చెలమ దాకా నడిచి వెళ్ళి లోపలికి చూసి వచ్చాడు. దొరకి అప్పుడు రెండు చిక్కులున్నాయి. కంకర అయిపోయింది. తిరగ్గొట్టి వేయించేందుకు వ్యవధి లేదు. అలాగని వదిలేస్తే, వేగంగా వచ్చే లారీలు ఈ అర్థంలేని వంపుని చూసుకోక తిన్నగా పోయి గుంటలో పడతాయి.

ఆలోచించి శిక్ష చెప్పాడు. కర్ర తీసిన మనిషే కర్ర అవ్వాలి. లారీలు నడిచినంతకాలం ఆ వంపు దగ్గర ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడాలి, ప్రతి లారీనీ పక్కకి తిప్పాలి. ఒక్క లారీ, ఒకే ఒక్క లారీ గుంటలో దిగినా ఆ రోజే చెలమ పూడ్చి రోడ్డు తిన్నగా వేయిస్తాడు.

పల్లెవాళ్ళ గుండె జారిపోయింది. తవిటమ్మ మాత్రం, ఇంతేనా అన్నట్టు చూసిందట.

నిలబడింది. ఎండలో నిలబడింది. వానలో నిలబడింది. మంచులో నిలబడింది. లారీ చప్పుడు వినపడగానే ఎర్రగుడ్డ ఎత్తేది, రెండో చేత్తో దిబ్బ వైపు చూపించేది. లారీ తిరిగేది. దుమ్ము ఆమె మీద పడేది. గుడ్డ దించి మళ్ళీ నిలబడేది. ఆ దుమ్ముకి జుట్టు ఎర్రబడింది, చీర ఎర్రబడింది, కనుబొమలు కూడా ఎర్రబడ్డాయి. కొత్తగా వచ్చిన లారీల వాళ్ళు దూరం నుంచి చూసి నిజంగా రాటే అనుకునేవారు. దగ్గరికొచ్చాక రాట చెయ్యెత్తేది.

చెలమ ఆమె నిలబడ్డ చోటుకి ఎదురుగానే ఉంది. కనపడుతుంది కాని వెళ్ళడానికి లేదు. మరి తోడేదెవరు? మొదటి రోజు ఆడవాళ్ళందరూ ఒక్కసారే దిగి నీళ్ళని బురద చేశారు. తవిటమ్మ వంపు దగ్గర్నుంచే అరిచింది. "అడుగు కెలక్కండి. అంచులు తియ్యండి. తీసి కూకోండి." కూర్చోవడమే వాళ్ళకి చాలా కష్టమయింది. పోనుపోను అలవాటు పడ్డారు. ఇంటికో రోజు వంతు వేసుకున్నారు. నీళ్ళు తేటపడ్డాక మొదటి చెంబు వంపు దగ్గరికి పట్టుకెళ్ళి ఆమెకి ఇచ్చేవారు. ఆమె తాగాకే తమ కడవలు ముంచుకునేవారు. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆమె తోడిన నీళ్ళు తాగి, ఆమె తాగిందో లేదో ఎప్పుడూ అడగలేదని వాళ్ళకి సిగ్గేసి ఉంటుంది.

లారీల వాళ్ళలో తలపాగా డ్రైవరు ఒకతను ఉండేవాడు. ఏ దేశం వాడో, ఏం భాషో. వంపు తిరిగేటప్పుడు ఒక చెయ్యి బయటపెట్టి దండం పెట్టినట్టు ఊపేవాడు, అమ్మా అన్నట్టే ఏదో అనేవాడు. ఆమె కూడా ఏదో అనేది. తోడితే ఊరుతాదనే అని ఉంటుంది.

ఎన్నేళ్ళు గడిచాయో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. ఒక్క లారీ కూడా గుంటలో దిగలేదు, ఆ మాట మాత్రం అందరిదీ ఒకటే.

ఒక ఎండాకాలం, నడి మధ్యాహ్నం. కొర్లయ్య పాక నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. దూరంగా దుమ్ము లేచింది. లారీ. అలవాటుగా వంపు వైపు చూశాడు. తవిటమ్మ దిబ్బకి చేరబడి కూర్చుని ఉంది. గుడ్డ ఒళ్ళో ఉంది. లారీ దగ్గరికొస్తోంది. చెయ్యి లేవలేదు.

కొర్లయ్య వల పారేసి పరిగెత్తాడు. మండుతున్న ఇసుకలో ముసలి కాళ్ళు దిగబడిపోతున్నాయి. అతని అరుపుకి గుడిసెల్లోంచి అందరూ బయటికొచ్చారు. పిల్లతల్లులు, ముసలివాళ్ళు, ఎంగిలి చేతులతో అన్నం దగ్గర్నుంచి లేచినవాళ్ళు. ఒక్క లారీ దిగితే చాలు, ఆ రోజే పూడ్చేస్తానన్నాడు దొర. ఇన్నేళ్ళ నిలబాటూ ఆ ఒక్క చక్రం కింద పోతుంది. ఎవరూ అందుకునే దూరంలో లేరు. చూడటం తప్ప చేసేదేమీ లేదు. చూశారు.

లారీ తిన్నగా వచ్చింది. వంపు దాకా వచ్చింది. వంపు తిరిగింది.

ఎత్తిన చెయ్యి లేదు, ఎగిరిన గుడ్డ లేదు, అయినా తిరిగింది. తిరిగి, దిబ్బ దాటాక ఆగింది. తలపాగా డ్రైవరు దిగి వెనక్కి నడిచొచ్చాడు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చేటెడు తవుడికి కొన్నారని చావు వదిలేసిన మనిషిని, చావు ఆ మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళింది.

పల్లెవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరికీ ఏడుపు రాలేదు, పరుగెత్తిన ఆయాసమే ఉంది. ఇంతలో దూరంగా ఇంకో లారీ చప్పుడు. డ్రైవరు అటు చూశాడు, చెలమని చూశాడు. గబగబా తన లారీలోంచి ఒక కర్ర తెచ్చి, ఆమె రోజూ నిలబడే చోట పాతాడు. ఒళ్ళోని ఎర్రగుడ్డ తీసి కర్ర తలకి కట్టాడు. తన భాషలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. వెనక వచ్చిన లారీ ఆ కర్రని చూసి వంపు తిరిగింది.

అప్పుడొచ్చింది ఏడుపు.

ఆమెని దిబ్బ మీదే, కర్రకి దగ్గరలోనే పాతిపెట్టారు. మర్నాడు పొద్దున చూస్తే కర్రకి పసుపు రాసి ఉంది. ఎవరు రాశారన్నది ఇప్పటికీ తగువే. ప్రతి ఇంటివాళ్ళూ మా ముత్తవ్వే అంటారు. ఒకప్పుడు కర్రకి పసుపు రాసిందని ఆమెని చూసి నవ్వినవాళ్ళ పేర్లు అడిగితే మాత్రం ఎవరికీ గుర్తులేవు.

కొన్నాళ్ళకి టోపీ దొర వచ్చాడు. బండి ఆపించి కర్ర చూశాడు, పసుపు చూశాడు. పీకిస్తాడనుకున్నారు. పీకించలేదు. టోపీ తీశాడు. మర్యాదకి తీశాడని కొందరంటారు, ఉక్కకి తీశాడని కొందరంటారు. మళ్ళీ బండెక్కి, వంపు తిరిగే వెళ్ళాడు.

తరవాత యుద్ధం అయిపోయింది. లారీలు పోయాయి, దొరలు పోయారు. కంకర కొంత జనం ఇంటి అరుగులకి మోసుకుపోయారు, కొంత ఇసుక మింగింది. ఇప్పుడు అక్కడ సరుగుడు తోటలు. వాన పడ్డ మర్నాడు వెళితే, తెల్ల ఇసుకలో అక్కడక్కడా ఎర్రటి మరకలు తేలతాయి. వాటి వెంట నడిస్తే వంపు తెలుస్తుంది.

చెలమ ఉంది. ఇంటికో రోజు వంతు ఉంది. మొదటి చెంబు నీళ్ళు కర్ర మొదట్లో పోసి, గుప్పెడు తవుడు చల్లి, ఆ తరవాతే కడవలు ముంచుతారు. కర్ర పుచ్చిపోతే కొత్తది పాతుతారు. గుడ్డ చిరిగితే కొత్తది కడతారు. పల్లెలో ఎవరైనా ఒక మాట మీద మొండిగా నిలబడితే, "తవిటమ్మలాగ నిలబడిపోనాడు" అంటారు. అది తిట్టో మెచ్చుకోలో వినేవాళ్ళని బట్టి ఉంటుంది.

చెలమకి పోయేవాళ్ళు ఎవరూ తిన్నగా అడ్డంపడి పోరు. దగ్గరి దారి అదే అయినా, మట్టం చేసినట్టు చదునుగా ఉన్నా, ఆ ఎర్ర మరకల వెంట చుట్టు తిరిగే పోతారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు అడుగుతారు, ఇక్కడ గుట్ట లేదు కదా, చెట్టు లేదు కదా, దారెందుకు తిరిగిందని.

"మనిసుంది కదే" అంటారు అత్తలు.

కథలన్నీ కంచికే వెళతాయి కదా, ఇదీ వెళుతుంది. కాకపోతే ఆ వంపు తిరిగి వెళుతుంది.